మనోవర్తిలో మనసు ఉందా?

సందేహం: మా అప్పకు విడాకులయ్యాయి. మాజీ భర్త నెలనెలా కొంత సొమ్ము ఇవ్వాలని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. లాయరుగారు దాన్ని ‘మనోవర్తి’ అంటున్నారు, పత్రికల్లో ‘భరణం’ అని చూస్తున్నాను. మా ముత్తవ్వ పేర రాసిన పాత దస్తావేజులో ‘మనువర్తి’ అని ఉంది. మూడూ ఒకటేనా? ‘మనోవర్తి’లో మనసు ఉందా? – ఒక పాఠకురాలు, బొబ్బిలి

సమాధానం: అక్కను ‘అప్ప’ అని రాశారు. మా ఊళ్లోనూ అలాగే పిలుస్తాం. ఆ మాట అచ్చులో చూసి ఎన్నాళ్లయిందో!

మీ ప్రశ్నకు వస్తాను. మనోవర్తిలో మనసు లేదు, బతుకు ఉంది. ‘మను’ అంటే జీవించు అని అర్థం. మనుగడ, మనికి, మనువు ఆ ధాతువు నుంచి వచ్చినవే. ‘వర్తి’ని ‘వర్తనం’తో కలిపి చూడాలి, వర్తనానికి నడవడితో పాటు జీవనోపాధి అనే అర్థం కూడా సంస్కృతంలో ఉంది. బతకడానికి ఆధారమైనది మనువర్తి. మనోహరం, మనోభావం వంటి మాటలు చెవికి అలవాటై, అందులోని ఉకారం ఓకారంగా మారిందని నా అభిప్రాయం. కాబట్టి మీ దస్తావేజు రాసిన లేఖరి పొరపాటు పడలేదు. అలాగని మీ లాయరుగారిని దిద్దనక్కర లేదు. కోర్టుల్లోనూ జనం నోటా ‘మనోవర్తి’ స్థిరపడింది. వాడుకకు విలువ ఇవ్వాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది మన పక్కనే, శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో.

ఆ దస్తావేజును మాత్రం భద్రంగా ఉంచండి. భర్త పోయిన స్త్రీకి ఆస్తిలో వాటా ఇవ్వకుండా, ఆమె బతికినన్నాళ్లు అనుభవించేలా కొంత భూమి రాసివ్వడం అప్పట్లో ఉండేది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఆ పరిస్థితిని మార్చింది. మనోవర్తి హక్కు కింద స్త్రీకి దక్కిన భూమి, దస్తావేజులో షరతులున్నా ఆమె సొంతమే అవుతుందని తులశమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె మన తెలుగు స్త్రీయే.

ఇక భరణం. ఇది సంస్కృత ‘భృ’ ధాతువు నుంచి వచ్చింది; భరించడం, పోషించడం దాని అర్థం. పోషించేవాడు భర్త, పోషింపదగినది భార్య. భారం, భృతి కూడా ఆ కుటుంబంలోవే. విడాకులతో భర్త అనే పేరు పోతుంది, భరణం మిగులుతుంది. చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్‌లో (ఇంతకుముందు నేర విచారణ స్మృతి 125వ సెక్షన్) ‘భార్య’ అంటే విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీ కూడా అని వివరణ ఉంది. నిఘంటువు ఇవ్వని అర్థాన్ని చట్టం ఇచ్చింది. పాత ధాతువు ప్రకారం చూస్తే అది సరైన అర్థమే. ఆమె మారుమనువు చేసుకుంటే ఆ వివరణ ఆమెకు వర్తించదు. గమనించండి, మనువర్తిలోనూ మారుమనువులోనూ ఉన్నది ఒకే ‘మను’.

వాడుకలో రెంటికీ గట్టి హద్దు లేదు. నెలనెలా వచ్చేదానికి మనోవర్తి, తుది తీర్పుతో వచ్చేదానికి ‘శాశ్వత భరణం’ అని రాస్తే చదివేవారికి తికమక ఉండదు. ‘భర్త భార్యకు ఇచ్చే సొమ్ము’ అని మాత్రం అర్థం చెప్పకూడదు. 1955 హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్ల కింద భర్త కూడా భార్య నుంచి కోరవచ్చు. 144వ సెక్షన్‌లో పిల్లలూ తల్లిదండ్రులూ ఉన్నారు.

నన్ను బాధపెట్టేది ఈ నామవాచకాల పక్కన చేరే క్రియలు. ‘మనోవర్తి పడేశాడు’, ‘భరణం కోసం చేయి చాచింది’ అంటారు. దానధర్మాల మాటలు ఇక్కడికి ఎందుకు తెస్తారు? కోర్టు కాగితాల్లో ఉండే సరైన మాట ఒకటుంది: బకాయి. ‘ఆరు నెలల మనోవర్తి బకాయి’ అంటారు. భిక్షకు బకాయి ఉండదు, రుణానికే ఉంటుంది. మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కించాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, కేసు నడిచిన నెలల సొమ్ము కూడా బకాయిలోకి వస్తుంది. మీ అప్ప గురించి ‘వాళ్లు ఎంత ఇస్తున్నారు’ అని ఎవరైనా అడిగితే, ‘ఆమెకు ఇంత రావాలి’ అని జవాబు చెప్పండి.

వీలైతే దస్తావేజులో ‘మనువర్తి’ ఉన్న వాక్యం మొత్తం రాసి పంపండి. మీ ముత్తవ్వకు భూమి రాశారా, ఏటా ఇన్ని పుట్ల ధాన్యమని రాశారా తెలిస్తే, అక్కడ ఆ మాటకున్న అర్థం ఇంకా స్పష్టంగా చెప్పగలను.