రోల్ నంబరే ఐడీ అయితే

ప్రశ్న: మా ట్యూషన్ పిల్లల ఫీజుల పట్టికను వెబ్ పేజీగా చేసుకున్నాను. ప్రతి వరసకీ రోల్ నంబరునే ఐడీగా, అంటే ఆ వరసను గుర్తించే పేరుగా, ఇచ్చాను. బాకీ ఉన్న 12వ నంబరుకి ఎర్ర రంగు వేద్దామని, పేజీ రంగులూ రూపం చెప్పే సీఎస్ఎస్‌లో #12 అని రాస్తే పడటం లేదు. అడ్రస్ చివర #12 అని కొడితే మాత్రం పేజీ నేరుగా ఆ వరస దగ్గరికే వెళ్తోంది. అంకెతో ఐడీ పెట్టకూడదా సార్?
– ఓ ట్యూషన్ మాస్టారు, తణుకు

జవాబు: పెట్టొచ్చు మాస్టారూ. వెబ్ పేజీలు రాసే భాషలో పాత రూపం, 1999 నాటి హెచ్‌టీఎమ్‌ఎల్ 4.01లో ఐడీ అక్షరంతోనే మొదలవ్వాలని ఉండేది. హెచ్‌టీఎమ్‌ఎల్5 ఆ నిబంధన ఎత్తేసింది. ఖాళీగా ఉండకూడదు, మధ్యలో స్పేస్ రాకూడదు, పేజీలో ఇంకోచోట అదే ఐడీ ఉండకూడదు, అంతే. అందుకే అడ్రస్ బార్‌కి మీ 12 దొరుకుతోంది.

పేచీ అంతా సీఎస్ఎస్‌తోనే. అక్కడ పేరు అంకెతో మొదలవకూడదు. అలా మొదలైతే బ్రౌజర్ చెప్పాపెట్టకుండా ఆ రూల్ (రంగు వేయమని మీరు రాసిన ఆదేశం) మొత్తాన్నీ వదిలేస్తుంది. #12, #రవి అని కామాతో కలిపి రాశారనుకోండి, ఏ పాపమూ ఎరగని రవికీ రంగు పడదు.

ఐడీలు మార్చకుండా పని కావాలంటే #\31 2 అని రాయండి. 31 అన్నది 1 అంకెకి, ప్రతి అక్షరానికీ ఓ నంబరిచ్చే యూనికోడ్‌లో ఉన్న హెక్స్ (16 ఆధారంగా లెక్కించే) నంబరు. దాని తర్వాతి స్పేస్, ఆ నంబరు అక్కడితో అయిపోయిందని చెప్పడానికి. అది మర్చిపోతే బ్రౌజర్ 312 అని కలిపి చదివేసి, ఆ నంబరుగల వేరే అక్షరం ఉన్న ఐడీ కోసం వెతుకుతుంది. జావాస్క్రిప్ట్‌లో పేజీలోని వరసను వెతికిపెట్టే క్వెరీసెలెక్టర్ వాడేటప్పుడు ఈ తంటా మీకక్కర్లేదు, సీఎస్ఎస్.ఎస్కేప్ అనే ఫంక్షనే రాసిపెడుతుంది.

తమాషా ఏంటంటే, అదే ఐడీని తెలుగు అంకెల్లో ౧౨ అని పెట్టి ఉంటే #౧౨ నిక్షేపంగా పనిచేసేది. సీఎస్ఎస్ లెక్కలో 0 నుంచి 9 వరకే అంకెలు, మన ౧ దానికి అక్షరమే. సరదాకి చేసి చూడండి, ఫీజుల పట్టికలో మాత్రం వద్దు.

నన్నడిగితే ఐడీలన్నీ రోల్-12 పద్ధతికి మార్చేయండి. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో క్షణాల పని. అయినా బాకీ రంగుకి ఐడీ ఎందుకండీ? వచ్చే నెల 12 కట్టేసి 27 ఆపితే మళ్ళీ సీఎస్ఎస్ తెరవాల్సిందేగా! ఆ వరసలకి ‘బాకీ’ అని క్లాస్ (ఎన్ని వరసలకైనా ఇవ్వగలిగే ఉమ్మడి పేరు) ఇవ్వండి, కట్టిన రోజున తీసేయండి. రెండు నెలలవి ఆపారు కదా అని ‘2బాకీ’ అని పేరు పెట్టేరు సుమా, క్లాస్‌కీ ఇదే రూలు.