ప్రశ్నలు – జవాబులు: షహీద్‌గంజ్ బిల్లు ఎక్కడ ఆగింది?

ప్రశ్న: లాహోర్ షహీద్‌గంజ్ మసీదు కేసులో ముస్లింలు ఓడిపోయారు కదా. పంజాబ్ ప్రధాని ముస్లిమే, సభలోనూ వాళ్లకు బలముంది. మరి చట్టం చేసి ఎందుకు తీసుకోలేదు? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: ప్రయత్నం జరిగింది. అడ్డుకున్నది ఆ ప్రధానే (బ్రిటిష్ కాలంలో రాష్ట్ర ప్రభుత్వ అధినేతను ప్రధాని అనేవారు).

1722లో వక్ఫ్ చేసిన (మతపరమైన అవసరానికి శాశ్వతంగా అంకితమిచ్చిన) ఆ మసీదు 18వ శతాబ్దంలోనే సిక్కుల స్వాధీనమైంది. 1935 జూలై 7 రాత్రి కట్టడాన్ని కూల్చేశారు. ఆ నెలలోనే లాహోర్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ముస్లింలు వేసిన దావాను 1936 మేలో జిల్లా కోర్టు, 1938 జనవరిలో హైకోర్టు కొట్టేశాయి. హైకోర్టులో తీర్పు 2-1. జస్టిస్ దీన్ మహమ్మద్ విభేదించారు. దావాకు అడ్డుపడింది కాలపరిమితి: అప్పటి చట్టం ప్రకారం పరుల స్వాధీనంలో 12 ఏళ్లు దాటితే వక్ఫ్ ఆస్తికైనా హక్కు పోయేది.

ఆ అడ్డు తొలగించడానికే ముస్లిం లీగ్ సభ్యుడు మలిక్ బర్కత్ అలీ మసీదుల రక్షణ బిల్లు తయారుచేశారు. మసీదు ఎన్నేళ్లు పరుల చేతిలో ఉన్నా మసీదే అన్నది దాని సారం. పాత తీర్పులకూ వర్తించాలన్న షరతే గొడవకు మూలం.

పంజాబ్ శాసనసభ 175 సీట్లలో 84 ముస్లింలవి, 31 సిక్కులవి. కానీ ప్రధాని సికందర్ హయత్ ఖాన్ నడిపిన యూనియనిస్టు పార్టీ ప్రభుత్వం హిందూ, సిక్కు మంత్రులతో కలిసి నిలబడింది. 1938 మార్చిలో ఆయన సభలో బిల్లుకు మద్దతివ్వబోనని తేల్చి చెప్పారు. మనం ఇక్కడ ఈ దారి తెరిస్తే, ముస్లింలు తక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఇదే ఆయుధం మన మసీదుల మీదికి తిరుగుతుందన్నది ఆయన వాదన. సొంత మతం వాళ్ల కోపానికి ఎదురు నిలిచి ఆ మాట అనడం చిన్న ధైర్యం కాదు.

ప్రశ్న: అంటే బిల్లు ఓటింగులో ఓడిందా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: ఓటింగు దాకా రానేలేదు. 1935 భారత ప్రభుత్వ చట్టం 299వ సెక్షన్ ప్రకారం, భూమి హక్కుల్ని రద్దుచేసే లేదా మార్చే బిల్లును ప్రవేశపెట్టాలంటేనే ముందు గవర్నర్ అనుమతి ఉండాలి. అనుమతి ఇవ్వొద్దని మంత్రివర్గం సలహా ఇచ్చింది, గవర్నర్ ఇవ్వలేదు. కోర్టులో మిగిలిన చివరి మెట్టు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో భారత కేసులకు అత్యున్నత అప్పీలు కోర్టు. 1940 మే 2న అక్కడ కూడా అప్పీలు వీగిపోయింది.