ఓపెన్ సోర్స్ నెట్‌వర్క్ ఎనలైజర్‌కి ప్లగిన్లు నిజంగా అవసరమా?

తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్నానని, నెట్‌వర్క్‌లో పోయే డేటాని పట్టి చూపించే వైర్‌షార్క్ అన్ని ప్రోటోకాల్స్‌నీ (యంత్రాలు మాట్లాడుకునే పద్ధతుల్ని) తానే విడదీసి చూపిస్తుంటే ఇక ప్లగిన్లతో (మనం అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములతో) పనేముందని మీరు అడిగారు. కాలేజీ ల్యాబ్‌లో ఉన్నంతకాలం ఆ అవసరం కనబడదు. ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టాక ముందు కావలసింది అదే.

నేను చిత్తూరు చుట్టుపక్కల నెట్‌వర్క్ పనులు చూస్తుంటాను. మామిడి సీజన్‌లో ఒక పల్ప్ ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. కాటా దగ్గర బోర్డు మీద ఒక బరువు, ఆఫీసు బిల్లులో ఇంకో బరువు. అదీ అప్పుడప్పుడే. బయట తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరాయి. కాయ ఎండకి మెత్తబడుతుంటే, పైగా తూకంలో తేడా వస్తే రైతు ఊరుకుంటాడా? సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లేమో తప్పంతా కేబుల్‌దే అన్నారు.

స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ పెట్టి (ఒక పోర్టులో పోయే డేటా కాపీ ఇంకో పోర్టుకి వచ్చేలా చేసి) కాప్చర్ తీశాను, అంటే ఆ డేటాని రికార్డు చేశాను. రీట్రాన్స్‌మిషన్లు (పోయిన ప్యాకెట్లని మళ్లీ పంపడాలు) లేవు, కేబుల్ బాగానే ఉంది. కానీ ఆ కాటా పంపేది వైర్‌షార్క్‌కి తెలియదు కాబట్టి ఉత్త హెక్స్ అంకెలే కనబడ్డాయి. కాటా ఇండికేటర్ (బరువు చూపించే పెట్టె) మాన్యువల్ ముందు పెట్టుకుని లువా అనే స్క్రిప్టింగ్ భాషలో చిన్న డిసెక్టర్ (ఆ బైట్లని అర్థమయ్యే భాగాలుగా విడదీసే ప్లగిన్) రాశాను. కాటా పంపే ప్రతి కొలతలో మొదట 02 అనే బైటు, తర్వాత ఆస్కీ అంకెల్లో బరువు, ఆపైన బండి నిలకడగా ఉందో కదులుతోందో చెప్పే ఒక అక్షరం, చివర 03.

అంతే, బరువూ, ఆ అక్షరమూ వైర్‌షార్క్‌లో ఫీల్డులైపోయాయి. వాటి మీద డిస్‌ప్లే ఫిల్టర్ పెట్టొచ్చు, కాలమ్‌గా చూడొచ్చు, ఐఓ గ్రాఫ్ గీయొచ్చు, వైర్‌షార్క్ కమాండ్‌లైన్ రూపమైన టీషార్క్‌తో సీఎస్‌వీ తీయొచ్చు. 'కదులుతోంది' అన్న ఫ్రేములు (ప్యాకెట్లు) మాత్రమే ఫిల్టర్ చేసి బిల్లు టైములతో పోల్చి చూశాను. తేడా వచ్చిన ప్రతి బిల్లు దగ్గరా అలాంటి ఫ్రేమే ఉంది. ట్రాక్టర్ ఇంకా ఊగుతుండగానే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బరువు పట్టేసుకుంటోంది. ఆ స్క్రీన్ చూపించాక వాళ్లు మళ్లీ కేబుల్ మాట ఎత్తలేదు, సాఫ్ట్‌వేర్ సరిచేసి ఇచ్చారు.

1998లో జెరాల్డ్ కాంబ్స్ ఈథీరియల్ పేరుతో విడుదల చేసిన నాటి నుంచి (2006లో వైర్‌షార్క్ అయింది) ఎందరో ప్రోటోకాల్స్ చేరుస్తూనే ఉన్నారు. ఫ్యాక్టరీ యంత్రాలు వాడే మోడ్‌బస్ లాంటి ప్రోటోకాల్స్ ముందే ఉన్నాయి. అయినా చిత్తూరులో ఒక కాటా ఏం పంపుతుందో వాళ్లకెలా తెలుస్తుంది? 'సోర్స్ ఉందిగా, అందులోనే మార్చుకోండి' అంటారు కొందరు. అలా మారిస్తే కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మన మార్పులు కలిపి మళ్లీ బిల్డ్ చేసుకోవాలి. లువా ఫైల్‌ని ప్లగిన్ల ఫోల్డర్‌లో పడేస్తే చాలు. ఎబౌట్ విండోలో ఫోల్డర్స్ ట్యాబ్ చూస్తే దారి దొరుకుతుంది. కోడ్ మార్చాక కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కితే మళ్లీ లోడ్ అవుతుంది.

రాసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. డేటాని ప్రవాహంలా పంపే టీసీపీలో రెండు కొలతలు ఒకే ప్యాకెట్‌లో రావొచ్చు, ఒకటే రెండుగా విరిగి కూడా రావొచ్చు. రెండింటినీ మీ డిసెక్టర్ తట్టుకోవాలి. వైర్‌షార్క్ 4.4 వెర్షన్ నుంచి లువా 5.4కి మారింది కాబట్టి పాత స్క్రిప్టులు ఒకసారి నడిపి చూసుకోండి. ఎవరో రాసిన ప్లగిన్ అయితే చదవకుండా పెట్టొద్దు, అది మీ యూజర్ హక్కులతోనే నడుస్తుంది. ప్రాజెక్ట్ సబ్మిట్ చేసేటప్పుడు కాప్చర్‌తో పాటు లువా ఫైల్ కూడా ఇవ్వండి, లేకపోతే ఎగ్జామినర్ సిస్టంలో ఉత్త హెక్సే కనబడుతుంది.