ల్యాన్సర్ ఎవల్యూషన్ ఆగిపోయింది 2015లో కాదు, 2005లో

జపానుకు చెందిన మిత్సుబిషి సంస్థ ల్యాన్సర్ ఎవల్యూషన్ అనే తన వేగవంతమైన సెడాన్ కారు తయారీని ఎందుకు ఆపేసింది, మరికొన్నేళ్లు కొనసాగించి ఉండకూడదా అని అడిగారు. కాలుష్య నిబంధనలు కఠినం కావడం, సెడాన్లకు గిరాకీ పడిపోవడం, సంస్థ విద్యుత్ వాహనాల వైపు మళ్లడం అనే జవాబులు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. అవేవీ అబద్ధం కాదు గాని, అసలు కారణం మాత్రం అవి కావని నా గట్టి నమ్మకం. 2005 చివర ప్రపంచ ర్యాలీ పోటీల (మామూలు రోడ్ల మీద, మట్టిదారుల మీద జరిగే కారు పందేల) నుంచి తప్పుకుంటున్నట్టు సంస్థ ప్రకటించిన రోజునే ఆ కారు కథ ముగిసింది. తరువాతి పదేళ్లూ అది పాత ఊపు మీద నడిచిందంతే.

ఎందుకంటే ఆ కారు పుట్టిందే ర్యాలీ కోసం. మామూలు కార్ల ఆధారంగా కట్టిన పోటీకార్లకు వర్తించే గ్రూప్ ఎ నిబంధనల ప్రకారం, పోటీలో దిగే కారు లాంటివాటిని కనీసం 2,500 తయారుచేసి జనానికి అమ్మాలి కాబట్టి, అంతకుముందు గ్యాలంట్ వీఆర్-4 అనే పెద్ద కారులో వాడిన 4జీ63 అనే రెండు లీటర్ల టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టి శక్తి పెంచే) ఇంజనునూ, నాలుగు చక్రాలకూ శక్తి అందించే ఏర్పాటునూ 1992లో చిన్నదైన ల్యాన్సర్‌లోకి ఎక్కించారు. 1997 నుంచి కొత్త నిబంధనలు వచ్చి, ఇతర సంస్థలు రోడ్డు మీది కారుకు దూరమైన ప్రత్యేక వాహనాలను కట్టుకుంటున్నప్పుడు కూడా మిత్సుబిషి 2001 వరకు గ్రూప్ ఎ కారుతోనే పోటీపడింది. మిత్సుబిషి డ్రైవరు టామీ మాకినెన్ 1996 నుంచి 1999 వరకు వరుసగా నాలుగుసార్లు ప్రపంచ విజేత అయింది దుకాణంలో కొనుక్కోదగిన కారుకు దగ్గరి చుట్టమైన కారుతోనే. ఇంత గొప్ప విషయం మరే సెడాన్ గురించీ చెప్పలేం.

ఇంత పట్టుదలగా చెప్పడానికి మా చిన్నాన్న కారణం. తమిళనాడులోని తిరువళ్లూరులో 1998 నుంచి తయారైన మన మామూలు ల్యాన్సరూ, ఎవల్యూషన్‌లో నాలుగు, అయిదు, ఆరు తరాలూ ఒకే తరం ల్యాన్సర్ మీద కట్టినవని తెలిసి, విజయనగరంలో అందరూ డీజిల్ బండి కొనమని పోరుతున్నా వినకుండా ఆయన ఒకటిన్నర లీటర్ల పెట్రోలు ల్యాన్సర్ కొన్నారు. దానికి టర్బో లేదు, శక్తి ముందు చక్రాలకే అందుతుంది, 90 హార్స్‌పవర్ కూడా లేదు. అయినా ఊళ్లోని మూడు లాంతర్ల కూడలి దగ్గర బండి ఆపితే "లీటరుకు ఎంత ఇస్తుందండీ?" అనే ప్రశ్న తప్ప మరొకటి వినబడేది కాదు. మలుపులో ఎలా నిలుస్తుందని అడిగిన మనిషి ఈ జిల్లాలో నాకు ఇంతవరకు తారసపడలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఒక వానాకాలంలో కొరాపుట్‌లో పెళ్లికని తెల్లవారక ముందే బయలుదేరాం. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతుండగా మంచు ఎంత దట్టంగా కమ్మిందంటే, రోడ్డు పక్కనున్న తెల్లరాళ్లను చూసుకుంటూ నడపవలసి వచ్చింది. ఒక ఎడమ మలుపు సగంలో ఉండగా, రాయపూర్ వైపు నుంచి సరుకుతో దిగుతున్న లారీ మలుపును అడ్డంగా కోసుకుంటూ మా వైపుకు వచ్చేసింది. చిన్నాన్న బ్రేకు మీద కాలు వేయలేదు. రెండో గేరులోనే ఉంచి స్టీరింగును ఇంకాస్త ఎడమకు తిప్పారు. ఎడమ చక్రాలు రెండూ తారు దిగి తడి కంకర మీద గరగరలాడాయి, లారీ వెనక చక్రాల నీళ్లు మా అద్దమంతా చిమ్మాయి, కారు మాత్రం వెనక భాగం ఏమాత్రం జారకుండా, గీత గీసినట్టు మలుపు తిరిగి మళ్లీ తారు ఎక్కింది. వెనక సీటులో పిన్ని ఒళ్లో నిద్రపోతున్న చెల్లి కళ్లు కూడా తెరవలేదు.

తిరుగు ప్రయాణంలో, కింద ఏమైనా తగిలిందేమో చూపిద్దామని సాలూరులో ఒక లారీ షెడ్డు దగ్గర ఆగాం. జీవితమంతా రెండు చక్రాలనూ కలిపే లారీ ఇరుసులు, కమాను పట్టీలు చూసిన అక్కడి మేస్త్రి కారు కిందికి దూరి, చాలాసేపటికి బయటికి వచ్చి, "ఏటి బాబూ, ఈ బండికి ఎనక సక్రాలు దేనికది ఏరుగా ఉన్నాయేటి! ఒకటి గోతిలో పడితే రెండోదానికి తెలీదు" అన్నాడు. ర్యాలీలు నెగ్గిన కారు తాలూకు ఎముకల నిర్మాణాన్ని ఆయన ఒక్క చూపులో పట్టేశాడు. పోటీలో నేర్చిన విద్య మామూలు సంసారుల కారులోకి దిగిరావడమంటే ఇదే. ర్యాలీలు మానుకున్న సంస్థ ఇక ఆ విద్య ఎక్కడ నేర్చుకుంటుంది?

డబ్బు లేక మానుకున్నారనే వాదన ఉంది. 2004లో, మిత్సుబిషిలో పెద్ద వాటా ఉన్న డైమ్లర్‌క్రైస్లర్ సంస్థ ఇకపై పెట్టుబడి పెట్టలేనని చేతులెత్తేసిన మాట నిజమే. కాని ఖర్చు తగ్గించవలసి వచ్చినప్పుడు ముందుగా దేన్ని కోస్తారో దాన్ని బట్టే ఆ సంస్థ దేన్ని ప్రాణంగా చూసుకుందో తెలుస్తుంది. 2007లో వచ్చిన పదో తరం పోటీ అవసరం లేకుండా రూపొందింది, ఆ లోటు దానిలో కనబడుతుంది. తొలి ఎవల్యూషన్ దాదాపు 1,240 కిలోలుండగా ఇది 1,500 దాటింది. పేరుమోసిన ఇనుప బ్లాకు 4జీ63 ఇంజను పోయి అల్యూమినియం ఇంజను వచ్చింది. మంచి కారే, 2010లో మన దేశానికీ దిగుమతి అయింది, కాని దాన్ని ఏ ర్యాలీ దారిలో గెలిపించాలో దాన్ని కన్నవారికే తెలియదు. అందుకే 2015లో జపానులో 1,000, అమెరికాలో 1,600 చివరి కార్లతో ముగిస్తున్నామన్నప్పుడు, తరువాతి తరం గురించి సంస్థ నుంచి ఒక్క వాగ్దానమైనా రాలేదు.

నాకు తయారీ ఆపినందుకంటే ఎక్కువ కోపం తెప్పించింది 2017 టోక్యో ప్రదర్శనలో ఇ-ఎవల్యూషన్ అనే పేరుతో ఒక ఎత్తైన విద్యుత్ ఎస్‌యూవీ నమూనాను నిలబెట్టడం. అంతకుముందే ఎక్లిప్స్ అనే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు పేరును ఇలాగే ఎక్లిప్స్ క్రాస్‌కు తగిలించారు. విద్యుత్ కార్లతో నాకు పేచీ లేదు. వాటితో మళ్లీ ర్యాలీకి దిగి, ఆ పోటీకారుకు దగ్గరి కారును నాలుగు తలుపులతో జనానికి అమ్మితే ఆ పేరు నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు. అంతవరకు ఎవల్యూషన్ అనే పేరును ముట్టుకునే అర్హత మిత్సుబిషికి సైతం లేదు.