సొంత ఓఎస్‌కి డీబగ్గర్ రాయాలంటే డ్వార్ఫ్ కంటే ముందు ఏం చేయాలి?

మీ ఓఎస్‌లో షెల్, చిన్న ప్రోగ్రాములు నడుస్తున్నాయని, ఇప్పుడు దాని లోపలే నడిచే డీబగ్గర్ కావాలని, డ్వార్ఫ్ (కంపైలర్ ప్రోగ్రామ్‌లో పెట్టే డీబగ్ సమాచారం ఫార్మాట్) స్పెసిఫికేషన్ వందల పేజీలు చూసి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని అడిగారు. ఎక్స్86-64 మీద నా హాబీ కెర్నల్‌కి నేనూ డీబగ్గర్ రాశాను కాబట్టి చెప్తున్నాను: డ్వార్ఫ్‌ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. సింబల్స్ (ఫంక్షన్ల, వేరియబుల్స్ పేర్లు) ఏవీ లేకుండా, ఒట్టి అడ్రస్ ఇస్తే ప్రోగ్రామ్ సరిగ్గా అక్కడ ఆగాలి. ముందు అది సాధించండి.

బ్రేక్‌పాయింట్ అంటే ఆ అడ్రస్‌లోని బైట్ దాచుకుని, దాని చోట హెక్స్ సీసీ, అంటే ఇంట్ 3, రాయడమే. ట్రాప్ వచ్చి కంట్రోల్ కెర్నల్‌కి చేరేసరికి ఆర్ఐపీ (తర్వాత నడవాల్సిన ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్ ఉండే రిజిస్టర్) ఒక బైట్ ముందుకు జరిగి ఉంటుంది. దాన్ని ఒకటి తగ్గించి, పాత బైట్ తిరిగి పెట్టి, ట్రాప్ ఫ్లాగ్‌తో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ నడిపించి, మళ్లీ సీసీ రాసి వదలాలి. ఇదంతా ఏ ట్యుటోరియల్‌లోనైనా ఉంటుంది.

సొంత కెర్నల్ రాసేవాళ్లు అడగాల్సిన ప్రశ్న వేరే: ఆ సీసీ ఏ పేజీలో పడుతోంది? ఒకే లైబ్రరీ కోడ్ పేజీని చాలా ప్రాసెస్‌లు పంచుకుంటాయి. లైనక్స్‌లో డీబగ్గర్ వేరే ప్రాసెస్ మెమరీని చదివి రాసేందుకు వాడే పీట్రేస్ లాంటి మీ సిస్టమ్ కాల్ నేరుగా ఆ ఫిజికల్ పేజీలో రాసేస్తే, ప్రింట్ఎఫ్ మీద మీరు పెట్టిన బ్రేక్‌పాయింట్‌కి డీబగ్గర్‌తో సంబంధం లేని ప్రాసెస్‌లు కూడా పడిపోతాయి, షెల్‌తో సహా. లైనక్స్‌లో డీబగ్గర్ రాసినప్పుడు ఆ ఒక్క ప్రాసెస్‌కే పేజీ కాపీ అవుతుంది. మీ దగ్గర పేజీలు పంచుకోవడం ఉండి కాపీ ఆన్ రైట్ (రాసినప్పుడే పేజీని విడిగా కాపీ చేయడం) లేకపోతే, ఈ పనంతటికంటే ముందు అది రాయండి.

తర్వాత డ్వార్ఫ్‌లో డీబగ్ లైన్ సెక్షన్ ఒక్కటే చదవండి. తక్కువ కోడ్‌తో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. అడ్రస్‌కి ఏ ఫైలు, ఏ లైను అన్నది ఒక చిన్న స్టేట్ మెషీన్ రూపంలో ఉంటుంది. ఉదాహరణకి హెడర్‌లో ఆప్‌కోడ్ బేస్ 13, లైన్ బేస్ మైనస్ 5, లైన్ రేంజ్ 14 ఉన్నాయనుకోండి. 75 అనే బైట్ వస్తే 13 తీసేయండి, 62 మిగిలింది. 14తో భాగిస్తే భాగఫలం 4, శేషం 6. శేషం 6కి లైన్ బేస్ మైనస్ 5 కలిపితే 1. అంటే అడ్రస్ 4 బైట్లు, లైను 1 ముందుకి. ఈ అంకెల్ని మాత్రం ఎప్పుడూ హెడర్ నుంచే తీసుకోండి.

2017లో వచ్చిన డ్వార్ఫ్ 5లో ఫైళ్ల పట్టిక రూపం మారింది, నంబర్లు 1 బదులు 0 నుంచి మొదలవుతాయి. జీసీసీ 11 నుంచి డీఫాల్ట్ అదే. మొదట్లో డ్వార్ఫ్ 4 ఇమ్మని కంపైలర్‌కి చెప్పండి, టెన్షన్ తగ్గుతుంది.

బ్యాక్‌ట్రేస్‌కి (ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో చూపే జాబితాకి) ఫ్రేమ్ పాయింటర్ ఉంచి కంపైల్ చేస్తే చాలు, దాన్ని ఉంచే రిజిస్టర్ ఆర్‌బీపీ గొలుసు పట్టుకుని పైకి వెళ్లిపోవచ్చు.

వేరియబుల్స్ కోసం డ్వార్ఫ్‌లోని డీబగ్ ఇన్ఫో సెక్షన్‌కి వచ్చినప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. అందులో ఏ ఎంట్రీ మీదా దాని సైజు రాసి ఉండదు. మీకు అక్కర్లేని ఆట్రిబ్యూట్‌ని దాటాలన్నా దాని ఫార్మ్ (విలువని రాసిన పద్ధతి) ఎన్ని బైట్లో తెలియాలి. తెలియని ఫార్మ్ ఒక్కటి తగిలినా ఆ తర్వాత చదివేదంతా చెత్తే. కాబట్టి మీ వెర్షన్‌లోని ఫార్మ్‌లన్నింటికీ సైజు లెక్క ముందే రాసేయండి. డ్వార్ఫ్ 5లో ఇంప్లిసిట్ కాన్‌స్ట్ అనే ఫార్మ్ విలువ అబ్రీవియేషన్ పట్టికలోనే (ఎంట్రీల్లో ఏ ఆట్రిబ్యూట్లు ఏ ఫార్మ్‌లో ఉంటాయో చెప్పే పట్టిక) ఉంటుంది, ఇన్ఫోలో దానికి సున్నా బైట్లు.

ప్రతి దశలోనూ మీ పార్సర్ ఇచ్చిన పట్టికని రీడెల్ఫ్ అనే టూల్ (ప్రోగ్రామ్ ఫైల్లోని సమాచారం చూపించేది) ఇచ్చినదానితో పోల్చి చూడండి. ఆండ్రియాస్ క్లింగ్ 2018లో మొదలుపెట్టిన సెరెనిటీఓఎస్‌లో లిబ్‌డీబగ్ అనే లైబ్రరీ ఉంది, సొంత ఓఎస్ కోసం మొదటి నుంచి రాసిన కోడ్ ఎలా ఉంటుందో అందులో బాగా తెలుస్తుంది. ఏ ఫార్మ్ దగ్గరైనా ఆగిపోతే ఆ బైట్లు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.