సెకండ్ హ్యాండ్ క్యూ7కు పాలిష్ చేయించే ముందు రంగు మందం కొలిపించండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 2017 మోడల్ నల్లరంగు ఆడి క్యూ7ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, ఎండలో నిలిపితే బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనిపిస్తున్నాయి, ఒక డీటెయిలింగ్ షాపువారు మూడు దఫాలు పాలిష్ చేసి, దానిపైన సిరామిక్ కోటింగ్ (రంగు మీద గట్టిపడే రక్షణ పూత) వేస్తే కొత్త బండిలా అవుతుందని చెప్పారు, చేయించవచ్చా అని మీ సందేహం. నేను 2021లో హైదరాబాద్‌లో ఇదే రంగులో 2016 మోడల్ క్యూ7ను కొని, ఒకసారి తప్పుగానూ మరొకసారి సరిగానూ పాలిష్ చేయించుకున్నవాణ్ణి కనుక రెండు అనుభవాలనూ వివరిస్తాను.

ముందుగా తప్పు సంగతి. కొన్న వారంలోనే ఇంటికి దగ్గరలోని ఒక షాపులో ‘రబ్బింగ్ పాలిష్’కు ఇచ్చాను. సాయంత్రానికి బండి అద్దంలా మెరిసింది, నేనూ సంతోషంగానే డబ్బు చెల్లించి వచ్చాను. నాలుగైదు సార్లు కడిగేసరికి పాత గీతలన్నీ తిరిగి కనిపించాయి. వాటికి తోడు, రాత్రిపూట పెట్రోలు బంకు దీపాల కింద చూస్తే, మిషను తిరిగిన దారి వెంట మబ్బు పట్టినట్టుగా కొత్త వలయాలు తేలాయి. ఎడమ వెనుక తలుపు మీద పొడుచుకు వచ్చిన మడత దగ్గర నలుపు వెలిసినట్టు కాంతి తగ్గింది. జరిగిందేమిటంటే, ఉన్ని ప్యాడ్ తొడిగిన రోటరీ మిషనుతో గట్టిగా రుద్ది, మిగిలిన గీతల్లో గ్లేజ్ అనే మెరుపు పూత నింపారు. గ్లేజ్ గీతను తొలగించదు, కొన్నాళ్ళపాటు కప్పి ఉంచుతుంది. షాంపూకు అది కరిగిపోగానే గీత మళ్ళీ బయటపడుతుంది.

అసలు పాలిష్ అంటే ఏమిటో నేను అప్పటిదాకా ఆలోచించనేలేదు. కారు రేకు మీద ప్రైమర్, దానిమీద రంగు, అన్నిటికీ పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండికి ఇవన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందం ఉంటే, అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే, అంటే చాలామంది తలవెంట్రుక మందం కన్నా తక్కువ. మీకు ఎండలో కనిపిస్తున్న గీతలు ఈ పై పొరలోనివే. పాలిష్ చేయడమంటే గీతను పూడ్చడం కాదు, గీత అడుగు ఎంత లోతులో ఉందో అంతదాకా చుట్టూ ఉన్న పొరను అరగదీయడం. కటింగ్ కాంపౌండుతో, అంటే గరుకైన పాలిష్ ముద్దతో, గట్టిగా ఒక దఫా చేస్తే రెండు మూడు మైక్రాన్లు పోవచ్చు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థం కూడా ఈ పొరలోనే ఉంటుంది కాబట్టి, అది మరీ పలుచబడితే కొన్నేళ్ళకు పొక్కులు లేచి పొట్టులా ఊడుతుంది. కొత్త బండికి ఈ లెక్క పెద్ద ఇబ్బంది కాదు. సెకండ్ హ్యాండ్ బండిని మాత్రం పాత ఓనరు ఎన్నిసార్లు రుద్దించారో, అమ్మకానికి పెట్టేముందు డీలరు ఎంత రుద్దించారో ఎవరూ మనకు చెప్పరు. ఎంత పొర మిగిలిందో కంటికి కనిపించదు.

అందుకే రెండోసారి వెళ్ళిన షాపులో, పని ఒప్పుకోవడానికి ముందే వారు పెయింట్ మందం కొలిచే మీటరు తీసి ఒక్కో పానెల్ మీద నాలుగైదు చోట్ల ఆనించి చూసినప్పుడు నాకు నమ్మకం కుదిరింది. బానెట్ మీద 118 నుంచి 125 దాకా వచ్చింది, అది అసలు రంగే. కుడి ముందు తలుపు మీద 260 దాటింది, అంటే దానికి రంగు మళ్ళీ వేశారన్నమాట; డీలరు నాకు ఆ మాట చెప్పలేదు. నా పాత రబ్బింగ్ దెబ్బ తిన్న మడత దగ్గర 84 మాత్రమే చూపించింది. ఎక్కడైనా 500 దాటితే కింద టింకరింగ్ జరిగి పుట్టీ పెట్టి ఉండవచ్చని అనుమానించాలి. క్యూ7 విషయంలో ఒక జాగ్రత్త అవసరం: ఈ తరం బండికి బానెట్, తలుపులు, ముందు ఫెండర్లు, డిక్కీ తలుపు అల్యూమినియంతో చేసినవి. ఇనుము మీద మాత్రమే పనిచేసే చవక మీటరు వాటిపై పనికిరాదు, అయస్కాంతం అంటుకుంటుందా లేదా అని చూసి పుట్టీని పట్టుకునే పాత చిట్కా కూడా పనిచేయదు. బంపర్లు ప్లాస్టిక్ కనుక మామూలు మీటరు వాటిని కొలవలేదు.

ఆ తరువాత పని రెండు రోజులు సాగింది, అందులో మిషను పట్టుకున్నది సగం సమయమే. మొదట కడిగి, ఐరన్ రిమూవర్ చల్లారు. బ్రేకుల నుంచి లేచి పెయింటులో గుచ్చుకున్న ఇనుప రజను కరుగుతూ ఊదారంగులో కారడం చూస్తే, శుభ్రంగా ఉందనుకున్న బండి మీద ఎంత మురికి ఉందో తెలిసింది. పిదప, పెయింటుకు అంటుకున్న మురికిని లాగేసే బంకముద్ద అయిన క్లే బార్‌ను, జారుడు ద్రవం చల్లుతూ, మెల్లగా రాశారు. మా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ కావడంతో బానెట్ మీద, పైకప్పు మీద తెల్లని చుక్కలు గట్టిపడి ఉండేవి. వాటిలో కొన్ని పలుచని ఆమ్ల ద్రావణానికి పోయాయి, ఎండలో ఎండి పొరను తినేసినవి మాత్రం పాలిష్ దాకా ఆగాల్సి వచ్చింది. ఇవేవీ చేయకుండా నేరుగా మిషను పెడితే ఆ రజనే ప్యాడ్ కింద చిక్కి కొత్త గీతలు పెడుతుంది.

పాలిష్‌కు వారు డీఏ (డ్యుయల్ యాక్షన్) మిషను వాడారు. రోటరీ ఒకే చోట గిరగిరా తిరిగి త్వరగా వేడెక్కిస్తుంది; డీఏ తిరుగుతూనే ఊగుతుంది కనుక పొర కాలే ప్రమాదం తక్కువ, పని మాత్రం నెమ్మది. ముందు బానెట్‌లో రెండు అడుగుల చదరంలో మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో, తేలిక పాలిష్‌తో ప్రయత్నించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్ళతో తుడిచి, టార్చిలైటుతో చూపించారు. ఈ తుడుపు చాలా ముఖ్యం, ఎందుకంటే నూనె, గ్లేజ్ అన్నీ పోయి, గీత నిజంగా పోయిందా, దాగిందా అనేది అక్కడే తేలుతుంది. నూటికి 80 పాళ్ళు గీతలు ఆ తేలిక దఫాలోనే పోయాయి. మిగిలినవాటి కోసం కాంపౌండ్ వాడమంటారా అని అడిగితే నేను వద్దన్నాను. గోరు పెట్టి గీస్తే గోరు చిక్కుకునేంత లోతైన గీతలు ఎలాగూ పాలిష్‌తో పోవు, వాటికోసం మొత్తం పానెల్‌ను అరగదీయడం నాకు సమంజసంగా తోచలేదు. 84 చూపించిన మడతను, దాంతోపాటు అంచులన్నిటినీ టేపు అంటించి వదిలేశారు.

కనుక మీ షాపువారు కొలవకముందే మూడు దఫాలని నిర్ణయించడం నాకు నచ్చలేదు. ఎన్ని దఫాలనేది ఆ రెండు అడుగుల చదరం చెప్పాలి. మే నెల ఎండలో, ఆరుబయట రేకుల షెడ్డు కింద, కాలుతున్న బానెట్ మీద చేసే పనికి అసలు ఒప్పుకోవద్దు. కాంపౌండ్ రాసిన వెంటనే ఎండి అట్టకడుతుంది.

సిరామిక్ కోటింగ్ విషయానికి వస్తే, నేను వేయించుకున్నాను, కడగడం సులువైంది, నలుపు నిగారింపు నిలిచింది. అయితే ‘9హెచ్’ అనే మాట పెన్సిలు గట్టిదనంతో పోల్చి చేసే పరీక్షలోని కొలత, దానికి వజ్రాల గట్టిదనంతో సంబంధం లేదు. రాయి తగిలితే రంగు లేవడాన్ని అది ఆపదు, బోరు నీటి చుక్కలు దానిమీదా పడతాయి. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎక్కువగా తిరిగేవారైతే, ఆ డబ్బులో కొంత బానెట్ ముందు భాగానికి పీపీఎఫ్ (రంగును కాపాడే పారదర్శకమైన ఫిల్మ్) వేయించడానికి కేటాయించడం మేలు. ఇంకొకటి, కిటికీల చుట్టూ ఉండే వెండిరంగు అల్యూమినియం పట్టీలకు ఘాటైన క్షారపు క్లీనర్లు తగలనీయకండి, తెల్లగా పాలిపోతాయి, తిరిగి రావు.

లోపలి పనిలో రెండు సంగతులు చెప్పాలి. డ్రైవరు సీటు పక్క ఉబ్బు మెరుస్తూ ఉంటే అది తోలు నునుపు కాదు, చెమట, నూనె పట్టిన మురికి; తేలికపాటి లెదర్ క్లీనర్, మెత్తని బ్రష్ చాలు, శుభ్రమైన తోలు కాంతి లేకుండా ఉంటుంది. మీ బండికి పనోరమిక్ సన్‌రూఫ్ ఉంటే, దాని మూలల్లోని డ్రెయిన్ గొట్టాలు మూసుకుపోయాయేమో గ్లాసుడు నీళ్ళు మెల్లగా పోసి చూడండి. నా బండిలో మ్యాట్ కింద తడికి, ఆ వాసనకు కారణం అదే. ఇంటీరియర్ డీటెయిలింగ్‌కు రెండుసార్లు డబ్బు పెట్టాక గానీ నాకు తెలియలేదు. గొట్టంలోకి కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టనివ్వకండి, లోపల ఊడిపోతే పైకప్పు లోపలి గుడ్డ విప్పాల్సి వస్తుంది.

ఇక ఆ సాలెగూడు గీతలు ఎక్కడివంటే, చాలావరకు మన అపార్ట్‌మెంట్లలో తెల్లవారగానే ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో ఇరవై బండ్లు తుడిచే పద్ధతివే. దుమ్ము మీద పొడిగుడ్డ లాగితే అది ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. పాలిష్ అయిన మరునాడే మా దగ్గర బండ్లు తుడిచే అబ్బాయితో, నా బండి అద్దాలు తప్ప ఏదీ ముట్టవద్దని చెప్పాను. “తుడవకపోతే ఓనర్లు ఊరుకోరు సార్” అని అతను ముందు నమ్మలేదు. నెల జీతం తగ్గించనని చెప్పాక ఒప్పుకున్నాడు. వారానికోసారి నేనే రెండు బకెట్లు, మైక్రోఫైబర్ మిట్‌తో, నీడలో, ఫిల్టరు నీళ్ళతో చివరి కడుగు కడిగి, వెంటనే ఆరబెడుతున్నాను. మొన్న మళ్ళీ మీటరు పెట్టించి చూస్తే బానెట్ మీద 116 నుంచి 122 మధ్య వచ్చింది. టార్చిలైటు కింద కొన్ని సన్నగీతలు కనిపించాయి, వాటిని అలాగే ఉంచాను.