వాన వెలిశాక వాడిపోతున్న టమాటా: మందు కంటే ముందు ఒక గ్లాసెడు నీళ్లు

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. రెండు ఎకరాల్లో టమాటా నాటి 55 రోజులైంది. బెడ్లు, మల్చింగ్ షీటు, డ్రిప్పు, కర్రలు అన్నీ ఉన్నాయి. మూడు రోజులు ముసురు పట్టి వాన కురిసింది. చెరువు మొరవ పారి కిందిపక్క అరెకరాలో రెండు రాత్రులు నీళ్లు నిలబడ్డాయి. ఇప్పుడు ఎండ కాస్తుంటే మధ్యాహ్నానికి చెట్లు వాడిపోతున్నాయి. పైపక్క తోటలో అడుగు ఆకుల మీద మచ్చలు వస్తున్నాయి. మందుల షాపులో నాలుగు రకాలిచ్చి కలిపి కొట్టమన్నారు. చెట్లు వాడుతున్నాయి కదా, డ్రిప్పు వదలమని ఇంట్లో వాళ్లు అంటున్నారు. ఇంకో వారంలో మొదటి కోత. ఏం చేయమంటారు సార్?

జవాబు: డ్రిప్పు వదలకండి. షాపులో ఇచ్చిన నాలుగు ప్యాకెట్లూ విప్పకుండా పక్కన పెట్టండి. మిగతా సంగతులన్నీ వీటి తర్వాతే.

మీ చెట్లు వాడిపోతున్నది దాహంతో కాదు. నేల రంధ్రాల్లో మామూలుగా గాలి కొంత, నీరు కొంత ఉంటాయి. నీళ్లు నిలబడితే గాలి మొత్తం బయటికి పోతుంది. టమాటా వేరు గాలి లేకుండా ఒక రోజు ఓర్చుకుంటుంది, రెండో రోజుకు సన్న వేర్లు చావడం మొదలవుతుంది. అలాంటి చెట్టు మీద ఎండ పడగానే ఆకులు నీరు అడుగుతాయి, వేరు ఇవ్వలేదు. కాళ్ల కింద నీళ్లున్నా చెట్టు వాడిపోయేది అందుకే. దానికి ఇంకా నీళ్లు పెడితే మిగిలిన నాలుగు వేర్లు కూడా కుళ్లుతాయి.

రేపు పొద్దున ఏడు గంటలకు కిందిపక్క అరెకరంలోకి వెళ్లి ఒక చెట్టు దగ్గర కూర్చుని ఆకు కాడలు చూడండి. కాడలు గొడుగు ముడిచినట్టు కిందికి వంగి ఉండి, ఆకును వేళ్లతో పట్టుకుంటే బిర్రుగా ఉందనుకోండి, అది తెగులు కాదు. గాలి అందని వేరు నుంచి వచ్చే సంకేతంతో చెట్టులో ఇథిలీన్ అనే వాయువు ఎక్కువై కాడలు అలా వంగుతాయి. నీరు తీసేసి గాలి ఆడనిస్తే చాలా చెట్లు వారం, పది రోజుల్లో తేరుకుంటాయి. కాండం అడుగున, నేలకు కాస్త పైన, తెల్లగా చిన్న చిన్న మొటిమల్లాంటివి కనబడితే సంతోషించండి. అవి కొత్త వేర్లు. వాటిని గోకకండి, మీద గుల్ల మట్టి కొద్దిగా ఎగదోయండి. పొద్దున ఏడింటికి కూడా ఆకు మెత్తగా గుడ్డపీలికలా వేలాడుతుంటేనే మనం భయపడాలి.

2021 నవంబరు వానలప్పుడు మన రాయలసీమలో ఎన్ని తోటలు మునిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వారం నేను చూసిన ఒక తోట ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. నీళ్లు తీసిన మూడో రోజుకు చెట్లు కోలుకుంటున్నాయి. మధ్యాహ్నం వాడుతున్నాయని ఆ రైతు రెండు పూటలా డ్రిప్పు వదిలారు, అందులోనే యూరియా కూడా కలిపారు. నేను వెళ్లేసరికి వేర్లు పీకితే పై తోలు జారి చేతిలోకి వచ్చింది, పాచివాసన. మార్కెట్లో టమాటా ధర ఆకాశంలో ఉన్న రోజులవి. ఆ కుటుంబం మొహాలు చూడలేకపోయాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ రోజు పని పారతోది. కిందిపక్క గట్టు తెంచి, సాళ్లలో నిలిచిన నీరంతా పొలం బయటికి పోయేలా అడుగు లోతు కాలువ తీయండి. ఆ నీరు పైపక్క తోటలోకి గానీ, పక్క రైతు టమాటాలోకి గానీ పోకూడదు. నీటితో పాటు తెగులు కూడా అక్కడికి పాకుతుంది. మొరవ నీళ్లు మళ్లీ రాకుండా పై నుంచి ఒక అడ్డకట్ట వేయండి. తర్వాత మల్చింగ్ షీటును ఒక పక్క మట్టిలోంచి లాగి బెడ్డు మీదికి మడవండి. షీటు ఎండాకాలంలో తేమను కాపాడుతుంది, ఇప్పుడు అదే తేమను బెడ్డులో బంధించి ఉంచుతుంది. నాలుగైదు రోజులు ఆరనిచ్చి మళ్లీ కప్పుకోవచ్చు. నేల అడుగు పెడితే దిగబడనంతగా ఆరాక సాళ్ల మధ్య పైపైన దంతె తోలి పెళ్లలు పగలగొట్టండి. చెట్టు మొదట్లో లోతుగా కెలకవద్దు. ఒరిగిన చెట్లను లేపి కర్రకు వదులుగా కట్టండి.

ఇక ఏ చెట్టుకు ఏమొచ్చిందో తేల్చాలి. దీనికి ల్యాబు అక్కర్లేదు, ఇంట్లో గాజు గ్లాసు చాలు. పొద్దున కూడా మెత్తగా వాలిపోయి, ఆకులు పసుపు పడకుండా పచ్చగానే వాడిన చెట్టును పీకండి. నేలకు కాస్త పైన కాండాన్ని రెండు అంగుళాల ముక్కగా శుభ్రమైన కత్తితో కోయండి. గ్లాసు నిండా తేట నీళ్లు పోసి, ముక్క కింది కొస నీటిలో మునిగేలా దారంతో వేలాడదీసి, గ్లాసును వెలుతురుకు ఎదురుగా కదలకుండా పెట్టండి. ఐదు, పది నిమిషాలు చూడండి. కోసిన చోటి నుంచి పాలు కారినట్టు తెల్లటి సన్నని పోగు కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. నాలుగైదు చోట్ల నుంచి తెచ్చిన చెట్లతో ఇలా చూడండి, ఒక్క చెట్టుతో తీర్పు చెప్పవద్దు.

పాల పోగు వచ్చిందంటే ఆ చెట్టును బతికించే మందు లేదు. ఇది చెప్పడం నాకూ కష్టంగానే ఉంది, కానీ లేని ఆశ చూపించి మీ చేత డబ్బు ఖర్చు పెట్టించలేను. ఆ చెట్లను వేరు మట్టితో సహా సంచిలో వేసి బయటికి తీసుకెళ్లి కాల్చండి. గట్టు మీదో కాలువలోనో పడేయవద్దు. పీకిన గుంటలో, చుట్టూ ఉన్న చెట్ల మొదట్లో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి నేల తడిసేలా పోయండి. వ్యాప్తిని కొంత నెమ్మదింపజేయడానికే ఇది. ఆ అరెకరం డ్రిప్పు లైనును వాల్వు దగ్గర విడగొట్టండి. పనులన్నీ ముందు పైపక్క తోటలో ముగించి, చివర్లో కిందికి వెళ్లండి. కత్తులు, పారలు, చెప్పులు బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడుక్కోండి. షాపు ప్యాకెట్లలో స్ట్రెప్టోసైక్లిన్ లాంటి యాంటిబయాటిక్ ఉంటే తిరిగి ఇచ్చేయండి. అది నేలలోని ఈ బాక్టీరియాను ఆపలేదు. మనుషుల జబ్బులకు వాడే మందును పొలంలో చల్లితే దానికి లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయి, అది నా పెద్ద భయం.

పోగు రాలేదు, కాండాన్ని నిలువుగా చీల్చితే లోపల గోధుమ రంగు చారలున్నాయి, ఆకులు అడుగు నుంచి ఒక పక్కగా పసుపు పడుతున్నాయి అంటే ఫ్యుజేరియం ఎండు తెగులు. నేలకు ఆనిన చోట కాండం చుట్టూ తెల్లటి బూజు, అందులో ఆవగింజల్లాంటి ఉండలు కనబడితే మొదలు కుళ్లు. ఈ రెండింట్లోనూ పూర్తిగా ఎండిన చెట్టును పీకి, పక్క చెట్లకు పైన చెప్పిన కాపర్ ద్రావణమే మొదట్లో పోయండి. పోగూ లేదు, చారలూ లేవు, బూజూ లేదు అంటే అది నీటి దెబ్బ మాత్రమే. మందు వద్దు, గాలి చాలు.

పైపక్క తోటలో మచ్చల సంగతి వేరు, అక్కడ ఆలస్యం చేయకూడదు. మచ్చ మీద గుండ్రంగా ఒకదాని చుట్టూ ఒకటి గీసినట్టు వలయాలుండి, చుట్టూ పసుపు అంచు ఉంటే అది ఆకుమాడు తెగులు. ముదురు ఆకుల మీద మొదలై నిదానంగా పైకి పాకుతుంది. మచ్చలున్న అడుగు ఆకులను నేల నుంచి అడుగు ఎత్తు వరకు ఆకులు పూర్తిగా ఆరాకే తుంచి బయటికి తీసేయండి. తర్వాత లీటరు నీటికి మాంకోజెబ్ 2.5 గ్రాములు కలిపి కొట్టండి.

నాకు టెన్షన్ పెట్టేది ఇంకో మచ్చ. మదనపల్లె ఎత్తైన ప్రాంతం, వాన తర్వాత రాత్రులు చల్లగా ఉండి తెల్లవారుజామున మంచు పడుతుంది. వేడినీళ్లు పడి ఉడికినట్టు ముదురాకుపచ్చ మచ్చలు ఆకు అంచు నుంచి లోపలికి వచ్చి, రెండు రోజుల్లో నల్లగా మారుతున్నాయా? పొద్దున్నే మంచు ఆరకముందు ఆకు తిప్పి చూస్తే మచ్చ అంచున తెల్లటి సన్నని నూగు ఉందా? కాండం మీద కూడా గోధుమ రంగు పట్టీలున్నాయా? అయితే అది లేట్ బ్లైట్. వాతావరణం కలిసొస్తే వారం తిరక్కుండా తోటంతా మాడ్చేస్తుంది. దీనికి మాంకోజెబ్ ఒక్కటే సరిపోదు. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు గానీ, సైమోక్సానిల్, మాంకోజెబ్ కలిసినది 3 గ్రాములు గానీ కొట్టండి. మబ్బు, మంచు తగ్గకపోతే వారానికి మందు మార్చి రెండోసారి కొట్టండి. ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే శిలీంధ్రం దానికి అలవాటు పడిపోతుంది.

ఎకరాకు దాదాపు 200 లీటర్ల నీరు పట్టేలా, ఆకుల కింది వైపు కూడా తడిసేలా కొట్టాలి. జిగురు మందు కలపండి. ఒక ట్యాంకులో తెగులు మందు ఒక్కటే ఉండాలి. పురుగు మందు, టానిక్కు, కాపరు, మాంకోజెబ్ అన్నీ ఒకే డ్రమ్ములో పోస్తే ఏది పని చేసిందో, ఏది ఆకు మాడ్చిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. పైగా దెబ్బతిన్న చెట్టు అంత ఘాటు తట్టుకోదు.

మొదటి కోత వారంలో అన్నారు. మందు కొట్టే ముందే రంగు తిరిగిన కాయలన్నీ కోసేయండి. కొట్టాక ప్యాకెట్ మీద రాసిన గడువు తీరే వరకు కోయవద్దు. వరద నీళ్లు తగిలిన కాయలను మార్కెట్‌కు పంపవద్దు, ఇంట్లో కూడా వాడవద్దు. ఆ నీళ్లలో ఏమేం కలిసి వచ్చాయో ఎవరికీ తెలియదు. నేలకు తగిలిన కాయల మీద ఎద్దు కన్నులా గోధుమ రంగు వలయాలు కనబడితే అది కాయకుళ్లు. తోటలోనే వదిలేస్తే మిగతా కాయలకు ఎక్కుతుంది, ఏరి గుంతలో పూడ్చండి. వానకు పగిలిన కాయలకు తెగులు మందు అక్కర్లేదు.

వేర్లు పని చేయని ఈ వారం పది రోజులు ఆకు ద్వారానే తిండి పెట్టాలి. పొద్దున పూట లీటరు నీటికి 13-0-45 ఎరువు 10 గ్రాములు గానీ, 19-19-19 ఎరువు 5 గ్రాములు గానీ ఒక్కటే పిచికారీ చేయండి. వారానికి మరోసారి. నేల ఆరి కొత్త చిగుళ్లు వచ్చాకే డ్రిప్పులో ఎరువు మొదలుపెట్టండి, అదీ మామూలులో సగంతో.

కిందిపక్క చెట్లు పీకే ముందు ఫోటోలు తీసి, రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకులకు చెప్పి నష్టం రాయించుకోండి. ఈ-క్రాప్‌లో మీ పంట నమోదై ఉందో లేదో కూడా చూసుకోండి. పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటేనే ప్రభుత్వ సాయానికి లెక్కలోకి వస్తుంది. పీకేసిన తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.

గ్లాసులో పాల పోగు కనబడితే, ఆ అరెకరంలో ఖాళీలు మళ్లీ టమాటాతో నింపవద్దు. వంకాయ, మిరప, బంగాళదుంప కూడా వద్దు, ఆ బాక్టీరియా వాటన్నిటికీ వస్తుంది, నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది. మొక్కజొన్న, జొన్న, నీరు దండిగా ఉంటే వరి వేయండి. తర్వాత టమాటాకు వచ్చేటప్పుడు వంగ వేరు మీద అంటుకట్టిన టమాటా నారు కోసం నర్సరీలో ముందే చెప్పి పెట్టుకోండి. నారు ధర ఎక్కువే, కానీ తగిన వంగ రకం వేరు నీటి నిల్వనూ, ఈ ఎండు తెగులునూ టమాటా వేరు కంటే బాగా తట్టుకుంటుంది. మొరవ కింద ఉన్న మీ అరెకరానికి ఆ ఖర్చు తగినదే. అంటు నారు దొరక్కపోతే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్, అర్క అభేద్ లాంటి రకాలు చూడండి, వాటికి బాక్టీరియా ఎండు తెగులును తట్టుకునే గుణం ఉంది. నాటే ముందు 2 కిలోల ట్రైకోడెర్మాను (తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం) 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో వారం రోజులు తడి గోనెల కింద మాగబెట్టి ఎకరాకు చల్లండి. కాపర్ మందు పోసిన నేలలో అయితే కనీసం పదిహేను రోజులు ఆగి చల్లండి.

రేపటి పరీక్షలో గ్లాసును ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. మచ్చలున్న ఆకులు ఐదారు, వాడిన చెట్టు ఒకటి వేర్లతో సహా పేపర్లో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో కాకుండా, అదే రోజు కలికిరి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. వెళ్లలేకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి, గ్లాసులో ఏం కనబడిందో, ఆకు వెనక నూగు ఉందో లేదో ఈ రెండు ముక్కలు ముందు చెప్పండి.